మౌస్ మీద కుంకుమ

మా చిన్నాయన ఫోన్ చేసి నన్ను సాయం అడిగే రోజు కోసం నేను ఏళ్ల తరబడి ఎదురుచూశాను. ప్రేమతో కాదు, పళ్లు కొరుక్కుంటూ. పెళ్లిళ్లలోనో కర్మంతరాల్లోనో కలిసినప్పుడు ఆయన "బాగుండావా వసంతా" అనేవాడు, నేను "బాగుండా చిన్నాయనా" అని నవ్వేదాన్ని. నవ్వి, విస్తరి ముందు కూర్చుని, ఈయనకి నాతో ఒక్కసారైనా పని పడకపోతుందా అనుకునేదాన్ని. మొన్న శ్రావణమాసంలో పడింది. గొంతు బాగా తగ్గించి మాట్లాడాడు. "లాప్‌టాప్ ఏమో ఒక మాదిరిగా ఉండాదప్పా. వైరస్ వచ్చిండాదేమో. నువ్వు అందరికీ ఇవే పాఠాలు చెప్తావంట కదా, ఒకసారి వచ్చి చూసిపో. మధుకి చెప్పొద్దు." మధు ఆయన కొడుకు. అదే ఇంట్లో పై అంతస్తులో ఉంటాడు, వైట్‌ఫీల్డ్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. కంప్యూటర్లు తెలిసిన కొడుకుని నెత్తిమీద పెట్టుకుని నన్నెందుకు పిలుస్తున్నాడా అని ఫోన్ పెట్టేశాక చాలాసేపు ఆలోచించాను.

కాటన్‌పేటలో మా ఇల్లు ఇంకా అలాగే ఉంది. ముందు గోడౌను, వెనక పొడవాటి నడవ, దానికి అటూ ఇటూ గదులు. తాత కాలం నుంచీ మాది ఊదుబత్తీల టోకు వ్యాపారం. వాసన లేని బత్తీలు సంచుల్లో వచ్చేవి. వాటిని గోడౌనులో మల్లె నూనెలోనో గంధపు నూనెలోనో ముంచి, ఆరబెట్టి, కట్టలు కట్టి అంగడికి పంపేవాళ్లు. అందుకని మా ఇంట్లో అన్నానికీ దుప్పట్లకీ పుస్తకాలకీ ఒకటే వాసన. బస్సులో పక్కన కూర్చున్నవాళ్లు గుడి నుంచి వస్తున్నావా అని అడిగేవాళ్లు. ఆ రోజు గుమ్మంలో అడుగు పెట్టగానే ముందు ఆ వాసన తగిలింది. తర్వాత, చెప్పులు విడిచే చోట, తాగునీళ్ల క్యాను కింద పీటలాగా వేసిన పాత సీపీయూ డబ్బా కనబడింది. తెల్లటి డబ్బా పసుపురంగుకి తిరిగింది. ఫ్లాపీ పెట్టే సందు పక్కన మా అవ్వ పెట్టిన బొట్టు మరక ఇంకా ఉంది. వంగి వాసన చూశాను. లోపల చేరిన బత్తీల పొడి ఇంకా మల్లెపూల వాసనే వేస్తోంది. నాకు ఒళ్లు మండింది.

ఆ డబ్బా ఇంటికి వచ్చేనాటికి నా కాలేజీ చదువు అయిపోవస్తోంది. మా వీధిలో అదే మొదటి కంప్యూటర్. నా చదువు కోసమని నాయన, అంగడి పనికని చిన్నాయన వాదించుకుని, చివరికి దాన్ని దేవుడి గది పక్కన నడవలో పెట్టారు. అమ్మ పాత చీర చింపి దానికి తొడుగు కుట్టింది. అవ్వ దానికి మడి కట్టింది. కాళ్లూ చేతులూ కడుక్కోనిదే ఎవరూ తాకకూడదు. వైరస్ అనే మాట ఎక్కడో విని, "అది గాలిలో వస్తాదా, నీళ్లలో వస్తాదా" అని నన్ను నిలదీసింది. బయటి ఫ్లాపీల్లో, సీడీల్లో, ఫోన్ వైర్లో వస్తుందని చెప్పాను. ఇక చూడండి. బయటి నుంచి ఏ సీడీ వచ్చినా గుమ్మం పక్క గూట్లో ఒక పూట ఉండాల్సిందే. తర్వాత అవ్వ దాని పెట్టె మీద పసుపునీళ్లు చల్లి నా చేతికి ఇచ్చేది. నేను యాంటీవైరస్‌తో దాన్ని చూసి "శుద్ధి అయింది అవ్వా" అని కేక వేస్తే అప్పుడు ఆమె లేచి వంటింట్లోకి వెళ్లేది. కంప్యూటర్ ఆన్ చేస్తే లోపల ఫ్యాను తిరిగి నడవంతా మల్లెపూల వాసన వచ్చేది. ఆ వాసనలో, ఇంటర్నెట్ కలిసేదాకా మోడెమ్ కీచు గొంతు వింటూ కూర్చున్న ఆ రోజులే నా జీవితంలో నేను బాగా సుఖపడిన రోజులని చెప్పగలను.

చిన్నాయన అప్పట్లో తెల్లచొక్కా మనిషి. జేబులో దువ్వెన, నుదుట విభూతి, మాట వెన్న. ఎవరి పేరు మీద ఉత్తరం వచ్చినా తనే చింపేవాడు. నాకు ఫోన్ వస్తే పక్కనే నిలబడి దువ్వెనతో తల దువ్వుకుంటూ వినేవాడు. "మన పిల్లల సంగతి మనం చూసుకోకపోతే ఇంకెవరు చూస్తారప్పా" అనేవాడు. ఇంట్లో అందరూ దాన్ని బాధ్యత అనే అనుకున్నారు. ఆ ఏడు నాకూ, నా స్నేహితురాలు పద్మజకూ ఎలక్ట్రానిక్ సిటీలో ఒక కంపెనీలో ఇంటర్వ్యూ అయింది. ఇంట్లో పెద్ద గలాటా. ఆడపిల్ల అంత దూరం కంపెనీ బస్సులో పోవడమా అని. ఎలాగో నాయన మెత్తబడి, "రానీ, వస్తే చూస్తాం" అన్నాడు. చిన్నాయన మాత్రం నోరు విప్పలేదు. ఆయన మౌనం చూసి ఒప్పుకున్నాడనుకున్నాను, అంత అమాయకురాలిని. ఉద్యోగం సంగతి మెయిల్‌లో తెలియజేస్తామని కంపెనీ వాళ్లు చెప్పారు. రోజూ సాయంత్రం చేతులు కడుక్కుని, తొడుగు తీసి, మెయిల్ తెరిచి చూసేదాన్ని. పద్మజకి వచ్చింది. నాకు రాలేదు.

ఆ మధ్యలోనే ఆయుధ పూజ వచ్చింది. మా ఇళ్లలో ఆ రోజు పనిముట్లకి పండగ. తక్కెడలు, కత్తెరలు, బత్తీలు ముంచే ఇత్తడి గంగాళాలు, నాయన స్కూటరు, అన్నిటికీ స్నానం, గంధం, పూలు. పూజ అయిన పనిముట్టు ఆ రోజంతా విశ్రాంతిగా ఉండాలి. మర్నాడు పొద్దున మళ్లీ హారతి ఇచ్చేదాకా ఎవరూ దానితో పని చేయకూడదు. కంప్యూటర్‌కి కూడా అవ్వ తన చేత్తో బొట్లు పెట్టింది. డబ్బాకొకటి, తెరకొకటి, కీబోర్డుకి ఒకటి. ఆమె ఎలుక అని పిలిచే మౌస్‌కి సరిగ్గా వేలు పడే చోట గంధం రాసి, దాని మీద కుంకుమ పెట్టింది. తర్వాత ఇంటిల్లిపాదీ అంగడి పూజకి వెళ్లాం. అంగడి ముందు పగలగొట్టాల్సిన బూడిద గుమ్మడికాయ ఇంట్లోనే మర్చిపోయామని చూసుకుని, దాన్ని తెస్తానని చిన్నాయన వెనక్కి వెళ్లాడు. చాలాసేపు రాలేదు. బొరుగులూ పప్పులూ పంచడం కూడా అయిపోవచ్చాక, గుమ్మడికాయ చంకన పెట్టుకుని, ట్రాఫిక్కని తిట్టుకుంటూ వచ్చాడు. మర్నాడు పొద్దున అవ్వ హారతి పళ్లెంతో నడవలోకి వచ్చి ఇల్లు ఎగిరిపోయేట్టు అరిచింది. "ఎవరే నా ఎలుకని తాకింది?" మౌస్ మీద కుంకుమ చెదిరిపోయి ఉంది. ఇంట్లో దాన్ని తాకే చెయ్యి నాదే కాబట్టి తిట్లు నాకే పడ్డాయి.

ఎన్నాళ్లకీ జవాబు రాకపోయేసరికి, అంగడి పక్కన బూత్ నుంచి కంపెనీకి ఫోన్ చేశాను. అవతల ఒక ఆవిడ మర్యాదగానే మాట్లాడింది. మిమ్మల్ని ఎంపిక చేశాం, పండగ ముందు సాయంత్రమే మెయిల్ పంపాం, మర్నాడే మీ జవాబు కూడా వచ్చింది కదా అంది. ఏం జవాబు అన్నాను. ఇంట్లో ఒప్పుకోవడం లేదు, రాలేను, క్షమించండి అని మీరే రాశారు, సెలవు రోజు కూడా అంత త్వరగా తెలియజేసినందుకు సంతోషించాం, ఆ సీటు ఇంకొకరికి ఇచ్చేశాం అంది. ఇంటికి వచ్చి ఏడుస్తూ చెప్పాను. అందరూ నోరెళ్లబెట్టారు. అప్పుడు చిన్నాయన దువ్వెన జేబులో పెట్టుకుని, నిదానంగా, "వైరస్ వచ్చిండాదప్పా. అదే రాసి పంపించేసింటాది" అన్నాడు.

ఇంట్లో అందరూ నమ్మారు. అదీ నాకు ఇప్పటికీ మింగుడుపడని సంగతి. అమ్మ నమ్మింది, నాయన నమ్మాడు. అవ్వయితే పద్మజ ఇచ్చిన పాఠాల సీడీనే ఆ పాపం తెచ్చిందని తేల్చి, దాన్ని చీపురుతో ఎత్తి వీధి చెత్తలో పారేయించి, నాకు తలస్నానం చేయించింది. నడవంతా పసుపునీళ్లు చల్లారు. పద్మజ మా గడప తొక్కకూడదన్నారు. ఫోన్ వైరు కంప్యూటర్ నుంచి పీకేశారు. ఇంటి పరువు, ఆడపిల్ల ఆశ ఏవీ తెలియని ఒక వైరస్ అంత మర్యాదగా, అంత పద్ధతిగా, నాకొచ్చిన ఉద్యోగాన్ని చూసి వద్దని ఎలా రాస్తుందని ఒక్కరూ అడగలేదు. అవ్వ తడిగుడ్డతో ఆ మౌస్‌ని మళ్లీ మళ్లీ తుడుస్తుంటే, పండగ మర్నాటి కేక గుర్తొచ్చింది. మౌస్ మీద కుంకుమ చెదిరింది ఆ రోజే. మెయిల్ వెళ్లింది ఆ రోజే. ఇంట్లో ఎవరూ లేని ఆ పూట గుమ్మడికాయ కోసం వచ్చింది ఒక్క మనిషే. ముందు రోజు సాయంత్రం పండగ పనుల్లో నేను మెయిల్ తెరవనే లేదు; ఆయన నాకంటే ముందు దాన్ని చదివి, జవాబు రాసి, రెండూ చెరిపేశాడు.

నా పాస్‌వర్డ్ ఆయనకి ఎలా తెలిసిందో కనిపెట్టడానికి లైబ్రరీలో కంప్యూటర్ పత్రికలన్నీ తిరగేశాను. ఆన్ చేయగానే లోపల నడవడం మొదలుపెట్టే ప్రోగ్రాముల జాబితా ఎలా చూడాలో అందులో నేర్చుకున్నాను. చూస్తే, మేం పెట్టని పేరు ఒకటి అందులో ఉంది. నేను కీబోర్డు మీద కొట్టిన ప్రతి అక్షరాన్నీ అది ఒక దాచిన ఫైలులో రాసుకుంటోంది. నా పాస్‌వర్డులు, పద్మజకి ఇంటి గురించి చెప్పుకున్న బాధలు, రాసి పంపకుండా చెరిపేసిన మాటలు కూడా అందులో ఉన్నాయి. స్నానాల గది తలుపు సందులోంచి ఎవరో ఇన్నాళ్లూ చూస్తున్నారని తెలిసినట్టయింది. కంప్యూటర్ సామాన్లు అమ్మే ఎస్పీ రోడ్డులో ఏదో అంగడిలో ఆ సీడీ కొని తెచ్చింటాడు. అవ్వ బయటి మైలకి అంత కాపలా కాసింది గానీ, చిన్నాయన సొంత ఇంటి మనిషి. ఆయన శుభ్రంగా కాళ్లూ చేతులూ కడుక్కుని మరీ దాన్ని లోపలికి తెచ్చాడు.

నాయనకి అంతా చూపించాను. ఆయన తెర వంక ఎక్కువసేపు చూడలేదు. "చిన్నాయన కదమ్మా, నీ మంచికే చేసింటాడు. ఈ మాట ఇంక ఎత్తొద్దు" అని అంగడికి వెళ్లిపోయాడు. ఆ రోజే నాకు అర్థమైంది, నా తరఫున ఈ ఇంట్లో తీర్పు చెప్పేవాళ్లు లేరని. పద్మజ దగ్గర, విండోస్‌కి బదులుగా కంప్యూటర్‌ని నడిపే లినక్స్ సీడీ తెచ్చుకున్నాను. టిఫిన్ డబ్బా సంచిలో పెట్టి, అవ్వ గూడు దాటించి, అందరూ అంగడిలో ఉన్న మధ్యాహ్నం విండోస్ మొత్తం తుడిచేసి దాన్ని ఎక్కించాను. సాయంత్రం చిన్నాయన కూర్చుని చాలాసేపు తెర వంక చూశాడు. "ఇదేంది వసంతా, ఏందో పేరు, పాస్‌వర్డ్ అడగతా ఉండాది?" అన్నాడు. "వైరస్ రాకుండా చిన్నాయనా. మీరే కదా భయపడింది" అన్నాను. ఆయన నా మొహం చూశాడు, నేను ఆయన మొహం చూశాను. ఆ తర్వాత ఆయన ఆ కుర్చీలో మళ్లీ కూర్చోలేదు. ఆ ఏడాదే పట్టుబట్టి తెలుగు రాయడం కూడా నేర్చుకున్నాను. మా ఇంట్లో అందరూ తెలుగే మాట్లాడతారు గానీ బళ్లో చదివింది కన్నడం, ఎవరికీ తెలుగు అక్షరాలు రావు. ఇప్పుడు నేను రాస్తున్న ఈ మాటలు కూడా ఆయన చదవలేడు.

పద్మజ ఆ కంపెనీలో చేరి పైకి పైకి వెళ్లింది. నేను వీధి చివర ట్యూషన్లు చెప్పి, చిన్న చిన్న ఇన్‌స్టిట్యూట్లలో అరిగిపోయి, చాలా ఆలస్యంగా ఒక ఉద్యోగంలో పడ్డాను. పోయిన ఏళ్లు పోయినట్టే. ఇప్పుడు సాయంత్రాలు అపార్ట్‌మెంట్లలో పెద్దవాళ్లకి ఇంటి కంప్యూటర్లు కాపాడుకోవడం గురించి క్లాసులు చెప్తాను. విండోస్ వాడేవాళ్లు భయపడుతూ వస్తారు. మ్యాక్ ఉన్నవాళ్లు మాకు వైరస్ రాదు కదా అని కాళ్లు చాపుకుని కూర్చుంటారు. లినక్స్ వాడే ఒకరిద్దరు ఊరికే నా తప్పులు పట్టడానికి వస్తారు. అందరికీ ఒకటే చెప్తాను. ఏ కంప్యూటర్ అయినా అప్‌డేట్లు వాయిదా వేయొద్దు, రోజూ వాడే ఖాతాకి అన్ని అధికారాలూ ఇవ్వొద్దు, తెరని చూడనిమ్మని ఏ ప్రోగ్రాం అడిగినా గుడ్డిగా సరే అనొద్దు. లినక్స్ ఏ మాయా చేయలేదు నాకు. ఆయన ప్రోగ్రాం విండోస్ కోసం తయారైంది, తాళం నా చేతికి వచ్చింది, అంతే. అందుకే మొదటి క్లాసులో మొదటి ప్రశ్న ఎప్పుడూ ఇదే అడుగుతాను: ఈ కంప్యూటర్ మీకు ఎవరు పెట్టిచ్చారు? ఒకప్పుడు ఇంటికంతా ఒక్క డబ్బా, దాన్ని నడవలో పదిమంది మధ్య వాడేవాళ్లం. ఇప్పుడు ప్రతి మనిషికీ తలుపేసుకునే గది, సొంత ఫోను, సొంత లాప్‌టాప్ ఉన్నాయి. అయినా వాటిని పెట్టిచ్చేది మళ్లీ ఇంటి మనిషే, అమ్మమీదో నాన్నమీదో ప్రేమతోనే.

చిన్నాయన అదే నడవలో, అదే చోట, లాప్‌టాప్ ముందు పెట్టుకుని కూర్చుని ఉన్నాడు. జేబులో దువ్వెన ఉంది గానీ దువ్వడానికి జుట్టు లేదు. చిన్నమ్మ పోయినప్పటి నుంచి మనిషి సగమయ్యాడు. "కూర్చోప్పా" అని, మేడమెట్ల వైపు ఒకసారి చూసి, చెప్పుకొచ్చాడు. మైసూరులో శారదమ్మ అని, బళ్లో టీచరుగా చేసి రిటైరైంది, భర్త లేడు. భజన గ్రూపులో పరిచయమంట. ఇద్దరూ రోజూ మెయిళ్లు రాసుకుంటారు. రిజిస్టర్ పెళ్లి చేసుకుందామనుకుంటున్నారు. "మధుకి తెలిస్తే మానం పోయిందని గలాటా చేస్తాడు. పోయిన నెల మైసూరు పోతానని ఆమెకి రాసినా. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. పొద్దున్నే వాడు వచ్చి, డాక్టరు దగ్గరికి పోవాల అని నన్ను కూర్చోబెట్టేసినాడు. మళ్లీ ఒకసారీ అట్లే. వానికి ఎట్లా తెలుస్తా ఉండాదో నాకి తెలీదప్పా. ఈసారి పోకపోతే ఆమె ఇంక నన్ను నమ్మదు. ఏ బండికి వస్తానో ఈ పొద్దే రాయాల. ఎవరన్నా చూస్తుండారేమో చూసి చెప్పు." 

"ఈ లాప్‌టాప్ మీకు ఎవరు పెట్టిచ్చారు" అని నేను అడగలేదు. అడగాల్సిన పని లేదు. ఆన్ చేయగానే నడిచే ప్రోగ్రాముల జాబితా తెరిచాను. ఒక్క చూపు చాలింది. ఏదో ప్రింటరు పేరు పెట్టుకుని ఒకటి కూర్చుని ఉంది. తెరని ఫొటోలు తీసుకోనిచ్చే అధికారం దానికి ఉంది. ఆ అధికారం ఇచ్చిన ఖాతా మధుది, ఫొటోలు వెళ్తున్న మెయిలూ మధుదే. తీసేయడం నాకు చిటికెలో పని. నాకు సంతోషం వేసింది. దాచుకోను, కడుపు నిండినంత సంతోషం వేసింది. అయినా ఆ ముసలి చేతులు చూసి ఒక్క క్షణం ఆగాను. ఆయనకి ఒక అవకాశం ఇద్దామనిపించింది.

"చిన్నాయనా, అప్పట్లో నా ఉద్యోగం వద్దని కంపెనీకి మెయిల్ పోయింది కదా. అది నిజంగా వైరసే పంపిందా?"

ఆయన చెయ్యి దువ్వెన మీదికి పోయింది. నా వైపు చూడకుండా అన్నాడు. "ఇంకెవరు పంపుతారప్పా? వైరసే. ఆ కాలంలో అట్లాంటివి శానా వచ్చేవి."

"అవును" అన్నాను. జాబితా మూసేశాను. "దీంట్లో వైరస్ ఏమీ లేదు చిన్నాయనా. క్లీన్‌గా ఉండాది. ధైర్యంగా రాసుకోండి."

ఆయన మొహం విప్పారింది. "నువ్వు చెప్పినావంటే సరిపాయె" అని, కాఫీ తాగి పొమ్మని బలవంతం చేశాడు. పని ఉందని లేచాను. నేను నడవ దాటక ముందే ఆయన అద్దాలు సర్దుకుని, ఒంటి వేలితో ఒక్కో అక్షరం వెతుక్కుంటూ కొట్టడం మొదలుపెట్టాడు. గుమ్మం దగ్గర సీపీయూ డబ్బా పక్కన చెప్పులు వేసుకుంటుంటే, మేడ మీద ఫోన్ టింగుమంది. మధు పిట్టగోడ దగ్గరికి వచ్చాడు, ఫోను చేతిలోనే ఉంది. నన్ను చూసి తడబడ్డాడు.

"అక్కా, ఎప్పుడొచ్చినావు?"

"ఇప్పుడే. లాప్‌టాప్ చూడమని చిన్నాయన పిలిస్తే."

"ఏమన్నా... ఉండాదా దాంట్లో?"

"ఏమీ లేదు మధూ. క్లీన్‌గా ఉండాది."

వాడు గట్టిగా ఊపిరి వదిలాడు. ఫోన్ మళ్లీ మోగింది. వాడు తల దించి చదువుతూ లోపలికి వెళ్లాడు. నడవలో చిన్నాయన ఇంకా కొడుతూనే ఉన్నాడు, టక్, టక్ అని. వీధి తలుపు చప్పుడు కాకుండా నేనే దగ్గరగా వేసి వచ్చాను.